ఒక యుద్ధ చిత్రం - దాని ప్రేక్షకులు

ఒక సినిమాను గురించి ప్రేక్షకులు చెప్పే అభిప్రాయాలను మన విమర్శకులు సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అవి హాలు బయట సోడా తాగుతూ చెప్పుకునే మాటలనీ, విమర్శలో వాటికి తావు లేదనీ వారి వుద్దేశం. వసూళ్ళు చూసుకునేవారు మాత్రం ప్రేక్షకుణ్ణి పట్టించుకుంటారు, అదైనా తలలు లెక్కపెట్టేంతవరకే. కాని కొన్ని సినిమాల విషయంలో, సినిమా కంటే దాన్ని చూసినవారు అన్న మాటలే చరిత్రకారుడికి ఎక్కువ పనికివస్తాయని నేననుకుంటాను. యుద్ధ చిత్రాలు అటువంటివి. అందులోనూ, శత్రువుల మధ్య చిక్కుకున్న మనవాళ్ళను మనవాళ్ళే వెళ్ళి విడిపించుకువచ్చే కథలు మరీను. ఈ మాట రుజువు చేయడానికి 2001 డిసెంబరులో అమెరికాలో విడుదలైన "బ్లాక్ హాక్ డౌన్" అనే సినిమాను తీసుకుంటాను. దర్శకుడు రిడ్లీ స్కాట్. నిర్మాతల్లో ముఖ్యుడు జెర్రీ బ్రుక్‌హైమర్. కథ 1993 అక్టోబరులో సోమాలియా రాజధాని మొగదీషులో నిజంగా జరిగింది.

ఆ జరిగింది ఏమిటో ముందు చెప్పాలి. ఎందుకంటే సినిమా దాన్ని సగంనుంచి మొదలుపెడుతుంది.

సోమాలియాను 1969 నుంచి పాలించిన సియాద్ బారే 1991 జనవరిలో రాజధాని విడిచి పారిపోయాడు. అతనికి మొదట ఆయుధాలిచ్చింది సోవియట్ యూనియన్. 1977లో ఒగాడెన్ ప్రాంతం కోసం అతను ఇథియోపియాతో యుద్ధానికి దిగినప్పుడు సోవియట్ వారు ఇథియోపియా పక్షం వహించారు. కొద్దికాలానికి అమెరికా వచ్చి ఆ ఖాళీ అయిన చోట కూర్చుంది. ఇద్దరు అగ్రరాజ్యాల దయవల్ల, బారే పోయేనాటికి ఆ దేశంలో తిండి కరువుగాని తుపాకి కరువు లేదు. రాజధానిని ముఠా నాయకులు వీధులవారీగా పంచుకున్నారు. 1992లో ఘోరమైన క్షామం వచ్చింది. ఆ డిసెంబరులో అమెరికను సైన్యం ధాన్యం లారీలకు కాపలాగా దిగింది. దానివల్ల ప్రాణాలు దక్కినవారు నిజంగానే వున్నారు. మనం అభ్యుదయవాదులమైనంత మాత్రాన ఆ సంగతి దాచవలసిన పనేమీ లేదు.

1993 మే నెలలో ఆ బాధ్యత ఐక్యరాజ్యసమితి చేతికి వచ్చింది. జూన్ 5న ముఠా నాయకుల్లో బలవంతుడైన మహమ్మద్ ఫరా ఐదీద్ మనుషులు 24 మంది పాకిస్తానీ సైనికులను చంపారు. మరునాడే భద్రతా మండలి బాధ్యులను పట్టుకోవలసిందని తీర్మానించింది. మొగదీషులోని సమితి ప్రతినిధి, జొనాథన్ హౌ అనే అమెరికను మాజీ నౌకాధికారి, ఐదీద్‌ను పట్టియిచ్చినవారికి 25 వేల డాలర్ల బహుమానం ప్రకటించాడు. ఆకలి తీర్చడానికని మొదలైన పని అక్కడినుంచి ఒక మనిషి కోసం వేటగా మారింది. జూలై 12న ఐదీద్ తెగ పెద్దలు ఒక యింట్లో సమావేశమై వుండగా అమెరికను హెలికాప్టర్లు ఆ యింటిమీద క్షిపణులు ప్రయోగించాయి. అంతర్జాతీయ రెడ్ క్రాస్ లెక్క ప్రకారం 54 మంది చనిపోయారు. ఆగ్రహంతో వున్న జనం అక్కడికి ఫొటోలు తీయడానికి వెళ్ళిన నలుగురు విదేశీ పత్రికా రచయితలను కొట్టి చంపారు. అంతవరకూ ఐదీద్ అంటే గిట్టని సోమాలీలు కూడా ఆనాటినుంచి అమెరికన్ల మీద తుపాకి పట్టారని ఆ కాలపు చరిత్ర రాసినవారు చెబుతారు.

ఈ జూలై 12 సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. సినిమాలో ఇది లేదు. సినిమా మొదట్లో వేసే అక్షరాల్లో క్షామం వుంది, ఐదీద్ వున్నాడు, 24 మంది పాకిస్తానీ సైనికుల చావు వుంది. అక్కడినుంచి నేరుగా అక్టోబరులోకి వెళ్ళిపోతాం. మరి ఒక నగరంలో జనమంతా, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, హెలికాప్టరు కనిపిస్తే చాలు దానివైపు పరుగెత్తివచ్చి కాల్చడం ఎందుకు? కారణం తీసేశారు గనుక, చూసేవాడు తనకు తోచిన కారణం వేసుకుంటాడు. వాళ్ళ జాతే అంత కాబోలు అనుకుంటాడు.

అక్టోబరు 3 ఆదివారం మధ్యాహ్నం సుమారు 160 మంది అమెరికను సైనికులు బకారా బజారు దాపులనున్న ఒక యింటిమీద దాడిచేశారు. ఐదీద్ అనుచరుల్లో ఇద్దరు ముఖ్యులను పట్టుకోవాలని వారి ప్రయత్నం. గంటలో ముగియవలసిన పని. పట్టుకోవలసినవారిని పట్టుకున్నారు కూడా. అంతలో రెండు బ్లాక్ హాక్ హెలికాప్టర్లను సోమాలీలు రాకెట్లతో కూల్చారు. పడిపోయిన హెలికాప్టర్లలోనివారిని విడిపించడానికి వెళ్ళినవారు తామే చిక్కుకున్నారు. వారిని విడిపించడానికి బయలుదేరిన లారీలు దారి తప్పి, సగం మంది గాయపడి, వెనక్కు వచ్చాయి. ఆ రాత్రంతా పోరు సాగింది. ఆ పోరాటంలో 18 మంది అమెరికన్లు చనిపోయారు. ఒక పైలటు 11 రోజులు బందీగా వున్నాడు. సోమాలీల సంగతి ఏమిటంటే, 300 అన్నవారున్నారు, 500 అన్నవారున్నారు, వెయ్యికి పైగా అన్నవారూ వున్నారు. చచ్చినవారి లెక్కలో ఏడువందల తేడా వచ్చినా ఎవరూ దాన్ని తేల్చుకోవాలని అంతగా ఆత్రపడలేదు.

సినిమా చివర కూడా ఈ తేడా స్పష్టంగానే కనబడుతుంది. వెయ్యిమందికి పైగా సోమాలీలూ, 19 మంది అమెరికను సైనికులూ చనిపోయారని తెరమీద అక్షరాలు వస్తాయి. పంతొమ్మిదో అతను రెండు మూడు రోజుల తరువాత మోర్టారు దెబ్బకు పోయినవాడు. ఆ పందొమ్మిది పేర్లూ వేస్తారు. వెయ్యిమంది వెయ్యిగానే వుండిపోతారు.

నేనీ సినిమాను చూసింది విడుదలైన చాలాకాలానికి, ఒక మిత్రుడి యింట్లో టెలివిజన్ మీద. ఇది పనితనం తెలిసినవారు తీసిన సినిమా అనడంలో సందేహం లేదు. కూర్పుకూ శబ్దానికీ వచ్చిన రెండు ఆస్కారు బహుమానాలు అర్హమైనవే. దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు, అందులో ముప్పాతిక భాగం కాల్పులే, అయినా విసుగు పుట్టదు. చూస్తున్నంతసేపూ ఆ కుర్రవాళ్ళు ఎట్లాగైనా బయటపడాలని నాకూ అనిపించింది. అనిపించకపోతే ఆ దర్శకుడు చేతగానివాడన్నమాట. విడిపించే కథకు వున్న బలమే అది. చిక్కుకున్నవాడు ఎవడైనా సరే, మన మనసు వాడి పక్షాన చేరుతుంది. అక్కడికి వాడు ఎందుకు వెళ్ళాడనే ప్రశ్న చిక్కుకున్న క్షణంలోనే జారిపోతుంది. ఇటువంటి కథలో యుద్ధమంతా కుదించుకుపోయి, "మనవాణ్ణి వదిలిరాకూడదు" అనే ఒక్క నీతిగా మిగులుతుంది. ఆ నీతి మంచిదే. కాకపోతే, సినిమా ఆఖరున ఒక పాత్ర దాదాపు ఈ మాటే అంటాడు: యుద్ధం దేనికన్నది ముఖ్యం కాదు, పక్కనున్న మనిషే ముఖ్యం అని. దేనికన్నది ముఖ్యం కాదని చంపేవాడు అనుకోవచ్చు. చచ్చేవాడి యింటివారు అట్లా అనుకోవడం కష్టం.

మార్క్ బౌడెన్ అనే ఫిలడెల్ఫియా విలేఖరి 1997లో తన పత్రికలో వరసగా రాసి, 1999లో పుస్తకంగా వేసిన రచన ఈ సినిమాకు మూలం. బౌడెన్ మొగదీషు వెళ్ళి సోమాలీలతో మాట్లాడాడు. పుస్తకంలో జూలై 12 దాడి వుంది, సోమాలీలకు పేర్లున్నాయి, వారు ఆ రోజు ఏమనుకున్నారో వుంది. పుస్తకం తెరమీదికి వచ్చేసరికి వారంతా గుంపుగా మారారు. పేరు మిగిలిన సోమాలీలు ఒకరిద్దరు. తారాగణంలో సోమాలీ నటుడు ఒక్కడూ లేడు. చిత్రీకరణ మొరాకోలో జరిగింది. హెలికాప్టర్లనూ, వాటిని నడిపేవారినీ, రేంజరు సైనికులనూ అమెరికను రక్షణ శాఖే అక్కడికి పంపింది. హెలికాప్టర్లు ఇచ్చినవారు కథను కూడా చూసి ఇస్తారని వేరే చెప్పనక్కరలేదు. ఈ సినిమాలో వేషం వేసిన బ్రెండన్ సెక్స్‌టన్ అనే నటుడే, మొదట తాను చదివిన స్క్రిప్టులో అమెరికా జోక్యాన్ని గురించిన ప్రశ్నలు ఎక్కువగా వుండేవనీ, అవి తరువాత పోయాయనీ విద్యార్థుల సభలో బహిరంగంగా చెప్పాడు.

ఇక ప్రేక్షకుల సంగతికి వస్తాను.

అమెరికాలో ఈ సినిమా దేశమంతటా ఆడటం మొదలైంది 2002 జనవరిలో. న్యూయార్కు జంట భవనాలు కూలి అప్పటికి నాలుగు నెలలు. అఫ్గనిస్తానంలో యుద్ధం నడుస్తోంది. మొదట ఆ మార్చిలో విడుదల చేయదలచిన చిత్రాన్ని ముందుకు జరిపారు. వాషింగ్టన్‌లో జరిగిన ప్రదర్శనకు ఉపాధ్యక్షుడు డిక్ చెనీ, రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ వచ్చారు. 1993లో అమెరికన్లకు మొగదీషు అంటే ఒక అవమానం: ప్రెసిడెంటు క్లింటన్ నాలుగు రోజుల్లోనే సైన్యం వెనక్కు వస్తుందని ప్రకటించవలసివచ్చింది. ఎనిమిదేళ్ళ తరువాత ఆ అవమానాన్నే ఒక వీరగాథగా చూసుకున్నారు. వరసగా మూడు వారాలు వసూళ్ళలో అదే మొదటి స్థానంలో వుంది. రోజర్ ఈబర్ట్ వంటి పేరున్న విమర్శకుడు నాలుగు నక్షత్రాలూ ఇచ్చాడు. అందరూ అట్లా అనలేదు. న్యూయార్క్ టైమ్స్‌లో ఎల్విస్ మిచెల్ అనే విమర్శకుడు, తెల్లముఖాలకు మాత్రమే మనిషితనం ఇచ్చే ఆ పద్ధతిలో జాతి ద్వేషం వుందని నిర్మొహమాటంగా రాశాడు. మినెసోటా రాష్ట్రంలో స్థిరపడిన సోమాలీల సంస్థ ఒకటి సినిమాను బహిష్కరించమని కోరింది. ఈ సినిమా చూసి బయటికివచ్చినవారి పక్కనే బస్సులో కూర్చోవలసింది వారు.

అదే జనవరిలో మొగదీషు కూడా ఈ సినిమా చూసింది. ఆ నగరంలోని సినిమా హాళ్ళు అంతర్యుద్ధంలో మూతపడ్డాయి. కనుక చూసింది వీడియో ప్రదర్శనలు వేసే గదుల్లో, దొంగ కాపీ మీద, కిక్కిరిసిన జనం మధ్య. ఈ ప్రదర్శనను గురించి బి.బి.సి. వంటి సంస్థలు వార్తలు పంపాయి. తెరమీద హెలికాప్టరు కూలినప్పుడల్లా, అమెరికను సైనికుడు పడినప్పుడల్లా, గదిలో కేకలూ చప్పట్లూ. పాశ్చాత్య పత్రికల్లో కొన్ని ఆ చప్పట్లను అనాగరికతకు నిదర్శనంగా రాశాయి. సోమాలీలు కూలినప్పుడు మరొక ఖండంలో హాలు నిండా కూర్చున్నవారు ఏం చేశారో ఆ పత్రికలు అడగలేదు.

ఆ చప్పట్ల వెనక మరొక కారణం కూడా వున్నదని నా అనుమానం. అంతకు రెండు నెలల ముందు, 2001 నవంబరులో, అమెరికా ప్రభుత్వం అల్ బరకాత్ అనే సోమాలీ సంస్థను, ఉగ్రవాదులకు సొమ్ము చేరవేస్తోందనే ఆరోపణమీద మూయించింది. విదేశాల్లో కూలినాలి చేసుకునే సోమాలీలు యింటికి డబ్బు పంపేది ఎక్కువగా ఆ సంస్థ ద్వారానే. బ్యాంకులు లేని దేశంలో అది బ్యాంకు కింద లెక్క. ఆ ఆరోపణకు సరైన ఆధారం తరువాతి అమెరికను విచారణలోనే దొరకలేదు. అఫ్గనిస్తానం తరువాత బాంబులు పడేది సోమాలియా మీదనే అని కూడా ఆ రోజుల్లో పత్రికలు రాస్తున్నాయి. యింటికి రావలసిన డబ్బు ఆగిపోయి, ఆకాశంవైపు చూస్తూ కూర్చున్నవారు ఆ వీడియో గదుల్లో సినిమా చూశారు.

వారి విమర్శ చప్పట్లతో అయిపోలేదు. ఇందులో మా భాష లేదు, మా పాట లేదు, ఇది మా వూరు కానే కాదు అన్నారు. ఆ మాటలు కళావిమర్శ కాదని ఎవరనగలరు? సినిమాలో పాత్రగా కనిపించే ఉస్మాన్ ఆత్తో అనే ధనికుడు అప్పటికి బతికే వున్నాడు. అతను ఐదీద్‌కు డబ్బు సర్దినవాడు, నిజంగానే 1993 సెప్టెంబరులో అమెరికన్లకు పట్టుబడినవాడు. తనను పట్టుకున్న తీరు తెరమీద చూపినట్టు జరగలేదనీ, తనకు కార్ల వరస లేదు, వున్నది ఒక్క కారనీ, చుట్ట తాగే అలవాటుగాని చెవికి పోగుగాని తనకు లేవనీ, సినిమా తీసేవారు తనను ఒక్క మాటయినా అడగలేదనీ అతను బి.బి.సి.కి చెప్పాడు. ఆత్తోమీద మనకేమీ ప్రేమ అక్కరలేదు. ఐదీద్ కూడా ప్రజానాయకుడేమీ కాదు. క్షామంలో ధాన్యం దోచుకున్న ముఠాల్లో అతనిదీ ఒకటి. సామ్రాజ్యవాదానికి ఎదురు నిలిచినవాడల్లా మనవాడని లెక్కవేసుకునే అలవాటు మనలో కొందరికి లేకపోలేదు. అది చరిత్రను చదివే పద్ధతి కాదు. కాని ఆ నగరంలో ఆ రాత్రి చచ్చినవారిలో ఐదీద్ మనుషులు కాక ఇంకెందరో వున్నారు. తమ యింటి గోడ పక్కన హెలికాప్టరు పడటమే వారు చేసుకున్న పాపం.

మన ఆలంకారికులు సాధారణీకరణమనే మాట ఒకటి చెప్పారు. భట్టనాయకుడి సిద్ధాంతం ప్రకారం, నాటకం చూస్తున్న సహృదయుడు తన పేరూ వూరూ మరచిపోతాడు. తెరమీది దుఃఖం ఫలానివాడి దుఃఖంగా కాక అందరి దుఃఖంగా అతన్ని తాకుతుంది. గొప్ప ఆలోచనే. కాని ఒకే సినిమా చూస్తూ, ఒకే క్షణంలో, ఒక హాలులో కన్నీళ్ళూ మరొక గదిలో చప్పట్లూ వచ్చాయంటే ఏమనాలి? మొగదీషువారికి సహృదయత లేదనడం ఒక మార్గం. అది తేలిక మార్గం. అంతకంటే, పేరూ వూరూ మరచిపోగల తీరిక కొందరు ప్రేక్షకులకే వుంటుందని చెప్పడం నిజానికి దగ్గరగా వుంటుందని నా అభిప్రాయం. తన వీధిని తెరమీద చూస్తున్నవాడు వీధిని ఎట్లా మరచిపోతాడు? అక్కడ కూలిన గోడ ఎవరిదో అతనికి తెలుసు.

"సినిమాను సినిమాగా చూడాలి" అనే మిత్రులు నాకున్నారు. రూపం వేరు, రాజకీయం వేరు అంటారు. ఈ సినిమా విషయంలో రూపమే రాజకీయం చేసిందని వారికి జవాబు చెప్పవలసివుంటుంది. కెమెరా ఎప్పుడూ చిక్కుకున్నవారి మధ్యనే వుంటుంది. సోమాలీలు వీధి చివరనుంచి, మేడలమీదనుంచి, దుమ్ములోంచి వస్తారు. పడిపోయినవాడి తుపాకి అందుకోబోయే ఒక స్త్రీని ఒకచోట చూస్తాం. కాల్చనా మానునా అని గింజుకునే సైనికుడి ముఖం మనకు దగ్గరగా చూపుతారు. ఆమె ఎవరో, పడిపోయినవాడు ఆమెకేమవుతాడో తెలియనివ్వరు. ఎవరి ముఖం దగ్గరగా చూపాలనేది కళకు సంబంధించిన నిర్ణయమే గదా.

పన్నెండేళ్ళ తరువాత, 2013లో వచ్చిన "కెప్టెన్ ఫిలిప్స్" కూడా సోమాలీల చేతిలో చిక్కిన అమెరికన్ను సైన్యం విడిపించే కథే. దాంట్లో దొంగల నాయకుడి వేషం మొగదీషులో పుట్టి మినియాపొలిస్ చేరిన బర్ఖద్ అబ్దీ వేశాడు. అతను కెమెరాకు ఎదురుగా నిలబడి మాట్లాడాడు, అందుకు ఆస్కారు పోటీలో కూడా నిలిచాడు. కథ మారలేదు, కాని ఆ ముఖం చూసినవారు దాన్ని మరచిపోలేదు.

ఇంతకూ మొగదీషులో చిక్కుకున్న అమెరికన్లను నిజంగా విడిపించింది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వినోదంగా వుంటుంది. మలేషియావారి కవచ వాహనాలు, పాకిస్తానువారి టాంకులు. అర్ధరాత్రి కావస్తుండగా ఆ వరస బయలుదేరింది. మలేషియా పదాతులను తమ వాహనాల్లోనుంచి దింపి, వారి స్థానంలో అమెరికను సైనికులను కూర్చోబెట్టారు. డ్రైవర్లూ తుపాకి పేల్చేవారూ మాత్రం మలేషియన్లే. వారిలో ఒకడు ఆ రాత్రి చనిపోయాడు. తెల్లవారాక అందరూ చేరుకున్నది పాకిస్తానువారి అధీనంలో వున్న స్టేడియానికి. సినిమాలో ఈ సాయం కనిపించీ కనిపించకుండా పోతుంది. స్టేడియంలో మాత్రం పళ్ళెంలో గాజు గ్లాసులు పెట్టుకుని, అలసివచ్చిన అమెరికన్లకు మంచినీళ్ళు అందించే మనుషులు కొద్దిసేపు బాగా కనబడతారు. ఆ నీళ్ళు నిజంగానే ఇచ్చారట. ఇచ్చినవాటిలో తెరమీద నిలిచింది నీళ్ళు.

ఆ రెండు దేశాల్లోని ప్రేక్షకులు దీన్ని వూరికే పోనివ్వలేదు. అప్పట్లో మొగదీషులో మలేషియా సేనలకు నాయకత్వం వహించిన అబ్దుల్ లతీఫ్ అహ్మద్, ఈ సినిమా చూసినవారు మావాళ్ళను అమెరికన్లను ఎక్కించుకుపోయిన బస్సు డ్రైవర్లనుకుంటారని పత్రికలవారితో వాపోయాడు. పాకిస్తాన్ అధ్యక్షుడు ముషరఫ్ 2006లో వేసిన ఆత్మకథలో తమ సైనికుల పాత్రను సినిమా మరుగుపరచిందని రాశాడు. సైనిక నియంత చెప్పాడు గనుక ఆ మాట అబద్ధమైపోదు. అదే సమితి సేనలో భాగంగా మన భారతదేశపు బ్రిగేడు కూడా 1993, 94 సంవత్సరాల్లో బైదోవా ప్రాంతంలో పనిచేసింది, అక్కడ మనవాళ్ళూ ప్రాణాలు కోల్పోయారు. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు? మొగదీషు పేరు వినగానే మనకు కూడా హాలివుడ్ హెలికాప్టరే గుర్తుకు వస్తుంది.

2023లో మలేషియావారు తమ సినిమా తామే తీసుకున్నారు. పేరు "మల్‌బాట్: మిసి బకారా". ముప్ఫై ఏళ్ళ తరువాత డ్రైవరు కథానాయకుడయ్యాడు. అదీ విడిపించే కథే. బకారా బజారు మళ్ళీ ఒక సైన్యం ధైర్యానికి రంగస్థలమైంది.

2025లో రిడ్లీ స్కాట్ సంస్థే ఈ పోరాటం మీద మూడు భాగాల డాక్యుమెంటరీ ఒకటి తయారుచేసింది. అందులో అమెరికను సైనికులతోపాటు ఆనాడు వారిమీద కాల్పులు జరిపిన సోమాలీలు, యిళ్ళలో వుండి తమవారిని పోగొట్టుకున్న స్త్రీలు, కెమెరాకు ఎదురుగా కూర్చుని తమ భాషలో మాట్లాడతారు. అప్పటికి మొదటి సినిమా వచ్చి ఇరవైమూడేళ్ళు దాటింది.

మొగదీషు జాతీయ నాటకశాలను 1960ల్లో చైనా ఇంజనీర్లు కట్టియిచ్చారు. అంతర్యుద్ధంలో అది పాడుపడింది, తరువాత బాంబు దాడికి కూడా గురయింది. 2021 సెప్టెంబరు 22న, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారిగా అందులో తెర దించి సినిమా వేశారు. చుట్టూ గట్టి పోలీసు కాపలా. ఆ రాత్రి ప్రదర్శించినవి సోమాలీ దర్శకుడు తీసిన రెండు చిన్న చిత్రాలు.